చాటెడు నూకల పిల్ల

మా అమ్మ పోయాక దినాలు కాగానే నేను చేసిన మొదటి పని టోకెన్ తీసుకోవడం. పంజాగుట్ట దగ్గర మెట్రో స్తంభాల పక్కన, ఒక జిరాక్సు షాపుకీ చెరుకురసం బండికీ మధ్య ఇరుక్కున్న సేవా కేంద్రం అది. ఇనుప కుర్చీల్లో అందరూ తలలు వంచుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. నాకు కావలసింది కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. చనిపోయిన మనిషికి వెనక ఎవరెవరు మిగిలారో సర్కారు రాసి ఇచ్చే కాగితం. అమీర్‌పేటలో మా సందులో ఉన్న రెండు గదుల ఇల్లు, నల్లా, కరెంటు మీటరు అన్నీ అమ్మ పేరు మీదే ఉన్నాయి. ఆ కాగితం లేకుండా వాటిలో ఏదీ నా పేరు మీదికి రాదు. నాన్న ఎప్పుడో పోయాడు. మిగిలింది నేనొక్కదాన్నే. ఒక్క పేరు రాయడానికి ఎంతసేపు పడుతుందిలే అనుకున్నాను.

కౌంటర్లో ఉన్నతను నా ఆధార్ చూశాడు, పదో తరగతి సర్టిఫికెట్ చూశాడు. రెండింట్లోనూ నాన్న పేరే ఉంది, అమ్మ పేరు లేదు. అమ్మతో సంబంధం చూపించే కాగితం కావాలన్నాడు. పాత బల్దియా రికార్డుల్లో, అంటే మున్సిపాలిటీ పుస్తకాల్లో, నా పుట్టుక నమోదై ఉంటుందేమో వెతకడానికి పెట్టాడు. నాలుగుసార్లు తిప్పించుకున్నాక ఒకనాడు దొరికిందన్నాడు. తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ తెర వైపు చూశాడు.

"మేడం, మీ అమ్మ పేరు లచ్చమ్మ అన్నరు గదా?"

"అవును."

"తండ్రి నర్సింహులు. అది కరెక్టే ఉన్నది. తల్లి పేరు మాత్రం సుబ్బలక్ష్మి అని ఉన్నది."

"ఆవిడ మా పక్కింటావిడ."

అతను పెదవులు బిగబట్టాడు గానీ నవ్వు ఆగలేదు. "అంటే మీ నాయనకు ఇద్దరా మేడం?"

నా వెనక వరసలో నిలబడ్డ కుర్రాడు పైకే నవ్వాడు. నీలం చొక్కా, మెడలో కోచింగ్ సెంటరు కార్డు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను మరిచిపోయే మనిషిని కాను. మా సందులో మోరీ పొంగినప్పుడల్లా వార్డు ఆఫీసుకి అర్జీ పట్టుకుపోయేది నేనే. అక్కడ నన్ను 'ఫిర్యాదుల మేడం' అంటారని తెలుసు. ఎవరు మొదట అన్నారో కూడా తెలుసు. కానీ ఆ రోజు కౌంటరు ముందు నాకు కోపం రాలేదు. అమ్మ పోయినప్పటి నుంచీ ఏదీ వచ్చేది కాదు. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ ఉన్నట్టూ లేనట్టూ ఉంటుంది చూడండి, ఒళ్ళంతా అట్లా ఉండేది. కాగితాలు సంచీలో పెట్టుకుని నడిచి ఇంటికి వచ్చేశాను.

నన్ను అమ్మేశారన్న సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ అమ్మకం బల్దియా దాకా వెళ్ళిందని మాత్రం తెలియదు.

నాకు ముందు మా అమ్మకి ఒక కొడుకు, ఒక కూతురు పుట్టి పోయారు. ఇద్దరూ పాలు తాగుతూ తాగుతూనే పోయారట. అట్లా పిల్లలు నిలవని ఇళ్ళల్లో మావాళ్ళు చేసే పని ఒకటుంది. పుట్టిన బిడ్డను చాటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెడతారు, మాకు వద్దని పారేసినట్టు. దారినపోయే మనిషి ఎవరో ఏరుకున్నట్టు ఎత్తుకుని, తల్లికి చాటెడు తవుడో నూకలో పోసి కొనుక్కుంటారు. పిల్ల తమది కాదు కాబట్టి చావు ఆ ఇంటికి వచ్చి వెతుక్కుని ఉత్త చేతులతో పోతుందని నమ్మకం. పెంటయ్య, పెంటమ్మ అని పేర్లు పెట్టేది అందుకే. నా పేరు పెంటమ్మ. ఈ పేరుతో బడికి వెళ్ళడం ఎట్లా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మా లెక్కల టీచరు హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ముక్కు మూసుకునేది. ఆవిడ పోయినప్పుడు చూడటానికి రమ్మని కబురొచ్చింది. నేను వెళ్ళలేదు.

నన్ను కొనుక్కున్నది పక్కింటి సుబ్బలక్ష్మి గారు. వాళ్ళది గోదావరి వైపు. ఆయన ఏదో ఆఫీసులో అకౌంట్లు చూసేవాడు. ముగ్గురు మగపిల్లలు, ముగ్గురూ రాళ్ళల్లా ఉండేవాళ్ళు. అందుకే అమ్మ ఆవిణ్ణి ఎంచుకుంది. సందు చివర చెత్తకుప్ప మీద నన్ను పడుకోబెడితే, ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చి ఎత్తుకుందట, కొత్త చీర పాడవుతుందని వాళ్ళాయన గొణుగుతున్నా వినకుండా. చాటెడు నూకలు మా అమ్మ ఒడిలో పోసింది. తర్వాత నన్ను మా ఇంట్లోనే వదిలి వెళ్ళింది, పెంచడానికి ఇచ్చినట్టుగా. మిగతా ఇళ్ళల్లో ఈ నాటకం పేరు పెట్టే రోజుకి అయిపోతుంది. నూకలు తిరిగిచ్చి బిడ్డను తీసేసుకుంటారు. మా అమ్మ తిరిగి ఇవ్వలేదు. తర్వాత ఇద్దాం, తర్వాత ఇద్దాం అంది. ఆ 'తర్వాత' ఎన్నడూ రాలేదు.

నన్ను 'అక్కా' అని పిలవమంది. మా సందులో తల్లిని అక్కా అనే పిల్లలు ఇంకొందరు ఉండేవాళ్ళు కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు. సుబ్బలక్ష్మి గారిని 'అమ్మా' అనమంది. అక్కడ మాత్రం నేను మొండికేశాను. పిన్నీ అన్నాను. ఎంత కొట్టినా పిన్నీ అనే అన్నాను. నా మొండితనానికి పునాది అదేనని మా నాన్న నవ్వేవాడు. అట్లా నా నోట అమ్మా అన్న పిలుపు ఎవరికీ దక్కలేదు.

ఆ రెండు ఇళ్ళకీ మధ్య ఒకటే గోడ. మా వైపు వాసనలు వేరు, వాళ్ళ వైపు వాసనలు వేరు. నాన్న పంజాగుట్టలో ఒక ఫర్నిచర్ దుకాణంలో వడ్రంగి. ఇంటికి వచ్చేసరికి చొక్కా నిండా టేకు పొట్టు, చేతులకి పాలిష్ వాసన. అమ్మ కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె తట్టేది. రొట్టె అంచులు మాడిన వాసన, పచ్చిపులుసులో నలిపిన ఉల్లిగడ్డ వాసన, పొద్దున్నే బల్దియా నల్లా కింద తడిసిన సిమెంటు వాసన. గోడకి అటువైపు కాఫీ గింజలు వేయించేవాళ్ళు, ఇంగువ తిరగమోత పెట్టేవాళ్ళు. నల్లా దగ్గర నీళ్ళు వచ్చేముందు బుడగల చప్పుడు వచ్చేది. ఆ చప్పుడుకి సందంతా లేచేది. అమ్మ రెండు బిందెలు నింపుకుని, మూడో బిందె నింపి పిన్ని గుమ్మంలో పెట్టేది. ఎందుకని అడిగితే, "నీ తిండి ఖర్చు" అనేది. నవ్వకుండా అనేది. నేను నమ్మేదాన్ని. ఎవరి పిల్లకి ఎవరు తిండి పెడుతున్నారో, ఎవరికి ఎవరు నీళ్ళు మోయాలో నాకు అర్థమయ్యేది కాదు.

వారానికి ఒకసారి బల్దియా జవాన్ సైకిల్ మీద వచ్చేవాడు. చెత్త ఊడ్చే వాళ్ళ మీద అధికారి ఆయన. మా సందుకి సర్కారు అంటే ఆయనే. ఫినాయిల్ వాసన, చొక్కా జేబులో పెన్ను, చంకలో సంచీ. సందు మొదట్లో బెల్లు కొట్టి, "పైదాయిష్ ఉందా? మౌత్ ఉందా?" అని అరిచేవాడు. పుట్టుకలూ చావులూ ఏమన్నా ఉన్నాయా అని. కూరగాయలమ్మేవాడి కేకకీ ఆ కేకకీ తేడా తెలిసేది కాదు. మేం పిల్లలం, "మౌత్ లేదు చాచా, మేక పైదాయిష్!" అని అరిచేవాళ్ళం. ఆయన మా గుమ్మంలో కూర్చుని చాయ్ తాగి, ఎవరింట్లో ఏం జరిగిందో రాసుకుని పోయేవాడు. ఇప్పుడు తలుచుకుంటే నమ్మబుద్ధి కాదు. ఆ రోజుల్లో సర్కారే మా గుమ్మంలోకి వచ్చి, మీకేమన్నా జరిగిందా అని అడిగి, చాయ్ తాగి పోయేది. ఇప్పుడు నేనే సంచీ పట్టుకుని యూసుఫ్‌గూడ నుంచి లక్డీకాపూల్ దాకా తిరిగి, నాకు ఇది జరిగింది, రాసుకోండి అని బతిమాలాలి. రాసుకోవాలంటే ఫోనుకి నంబరు రావాలి, ఆ నంబరు రాదు.

నేను పుట్టిన వారం ఆ జవాన్ వచ్చి, "పైదాయిష్?" అని అడిగాడు. అప్పటికి నేను అమ్ముడుపోయి ఉన్నాను. నాన్న గుమ్మంలో నిలబడి నా పుట్టుక రాయించాడు. ఈ ముక్క మా నాన్నే ఒకసారి నవ్వుకుంటూ చెప్పాడు, కానీ సగమే చెప్పాడు. లోపల్నుంచి అమ్మ, "నా పేరు రాపియ్యకు, రాపియ్యకు" అని ఏడ్చిందట. కాగితం మీద రాస్తే చావుకి చదవటం రాదా అని ఆవిడ భయం. "సరే తియ్, చెప్పనులే" అన్నాడట నాన్న. సరే అన్నాక ఎవరి పేరు చెప్పాడో నాకు చెప్పలేదు. మొన్న కౌంటర్లో తెలిసింది. తండ్రి పేరు తనది, తల్లి పేరు పక్కింటావిడది. భార్య మాట నిలబెట్టిన మనిషికి, ఆ రెండు పేర్లూ పక్కపక్కన పడితే ఏమని చదువుకుంటారో తట్టలేదు. టేకు చెక్కలో వెంట్రుకవాసి తేడా పట్టే మనిషి అంత పొరపాటు చేశాడు. పిన్ని వాళ్ళాయన అది తెలియకుండానే పోవడం ఆయన అదృష్టం.

అమ్మ ఆ నాటకాన్ని ఏనాడూ దించలేదు. బంధువులొస్తే, "గీ పిల్ల మాది గాదు, పక్కింటోళ్ళది. ఊకె మా ఇంట్ల తిరుగుతది" అనేది. వాళ్ళకీ తెలుసు, నవ్వేవాళ్ళు. నేను నవ్వలేదు. క్లాసులో మొదటి ర్యాంకు వస్తే మెచ్చుకోలేదు. "ఎవల పిల్లకు ఎన్ని మార్కులొస్తే నాకేంది" అని పొయ్యి వైపు తిరిగింది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పిన్ని ఇంట్లో పడుకోబెట్టింది. తను రాత్రీ పగలూ గుమ్మం బయటే కూర్చుంది, లోపలికి రాలేదు. తలుపు సందులోంచి ఆవిడ మోకాలు మాత్రమే కనిపించేది. నన్ను చూడటానికి ఒక సంబంధం వాళ్ళు వస్తే, పిల్ల పక్కింట్లో ఉందని వాళ్ళను అటు పంపింది. పిల్ల ఎవరి పిల్లో తేలని ఇంట్లో సంబంధం మాకు వద్దని వాళ్ళు వెళ్ళిపోయారు. తర్వాత వచ్చిన వాళ్ళను నేనే వద్దన్నాను. ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరి రిటైరయ్యాను. ఇవన్నీ నా దగ్గర వరసగా ఉన్నాయి. ఒక్కటీ పోగొట్టుకోలేదు.

ఆఖరిది ఆసుపత్రిలో జరిగింది. అమ్మకి ఊపిరి అందడం లేదు. నర్సు రాసుకుంటూ, "ఈమె మీకేమైతది పెద్దమ్మా?" అని అడిగింది. అమ్మ ముక్కుకున్న గొట్టాన్ని పక్కకి జరిపింది. అంత ఆయాసంలోనూ స్పష్టంగా, "పక్కింటి పిల్ల" అంది. నర్సు అట్లాగే రాసుకుంది. నేను ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఇంక నా వల్ల కాదు అనుకున్నాను. అదే ఆవిడ నా గురించి అన్న ఆఖరి మాట.

సేవా కేంద్రం వాళ్ళు నా అర్జీని తహసీల్ ఆఫీసుకి పంపారు. అక్కడి నుంచి విచారణకి రెవెన్యూ ఇన్స్పెక్టరు వస్తాడన్నారు. చుట్టుపక్కల మనుషులను అడిగి, నేను లచ్చమ్మ కూతుర్నేనని వాళ్ళు చెబితే రాసుకుంటాడట. వచ్చాడు. వయసులో చిన్నవాడు, మర్యాదగానే ఉన్నాడు. కానీ ఎవర్ని అడుగుతాడు? ఎడమ పక్కన ఆడపిల్లల హాస్టలు, ఎదురుగా మగపిల్లల హాస్టలు, మూల మీద కర్రీ పాయింటు. హాస్టలు మెట్ల మీద కూర్చున్న పిల్లను అడిగితే, "మేం వచ్చి రెండు నెలలే అయింది సర్, ఈ ఆంటీ మోటారు శబ్దం మీద కంప్లైంట్ ఇస్తారని మాత్రం తెలుసు" అంది. ఆ మాట కూడా నేను గుర్తుపెట్టుకున్నాను. ఒకప్పుడు ఈ సందులో ఎవరు ఎవరికి ఏమవుతారో మేకలకి కూడా తెలుసు. ఇప్పుడు ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే మిగిలింది. ఆవిడే నా రికార్డులో తల్లి.

పిన్నికి ఎనభై దాటాయి. కొడుకులు ముగ్గురూ ఉద్యోగాలని వేరే ఊళ్ళలో ఉంటున్నారు. చూపు తగ్గింది, నోరు తగ్గలేదు. వరండాలో కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఇన్స్పెక్టరు నమస్కారం పెట్టి, నన్ను చూపించి అడిగాడు. "అమ్మా, జర చెప్పండి. ఈ మేడం ఎవరి బిడ్డ?"

"నా బిడ్డ" అంది పిన్ని.

అతను పెన్ను ఆపాడు. నేను, "పిన్నీ, తమాషాలకి ఇది టైమా?" అన్నాను.

"తమాషా ఏంటే? చేటెడు నూకలు పోసి కొనుక్కున్నాను. పట్టుచీర కట్టుకుని పెంటకుప్ప ఎక్కాను. మీ అమ్మ తిరిగి ఇచ్చిందా? ఇవ్వలేదు. కొన్న పిల్లని ఊరికే ఎలా వదిలేస్తాను బాబూ, మీరు చెప్పండి."

ఇన్స్పెక్టరు నా ముఖం చూశాడు. అమ్మకం సంగతంతా నేనే చెప్పాల్సి వచ్చింది. అతను విని, తల గోక్కుని, "మా మేనమామ పేరు సుత పెంటయ్యనే మేడం" అన్నాడు. ఆఫీసులన్నీ తిరిగినా నన్ను అర్థం చేసుకున్న మొదటి మనిషి అతనే. కానీ, "ఏదో ఒకటి ఆమె నోటితోనే చెప్పాలె. నేను రాస్కుంట" అన్నాడు.

నేను పిన్ని వైపు తిరిగాను. "అమ్మ ఆసుపత్రిలో కూడా నన్ను పక్కింటి పిల్ల అంది. ఇప్పుడు నువ్వు కూడా మొదలుపెట్టావా?"

పిన్ని చేతిలో చిక్కుడుకాయ గిన్నెలో పడేసింది. "ఆసుపత్రిలో అనక ఇంకెక్కడ అంటుందే? చావు మంచం చుట్టూ తిరుగుతుంటే, ఇదిగో నా కూతురని చూపిస్తుందా? నేనెన్నిసార్లు అడిగానో నీకేం తెలుసు. నీ ఉద్యోగం వచ్చినప్పుడు అడిగాను. మీ నాన్న పోయినప్పుడు అడిగాను, ఇంకెందుకే లచ్చమ్మా, పిల్లని తీసుకోవే అని. ఏమందో తెలుసా? 'నేను పోయినంక పెంటి అస్తది అక్కా. నూకలు దెస్తది. అప్పుడియ్యి. నేను పోతే ఇంక గా సావు మన గుమ్మం దొక్కది' అంది. నువ్వు వస్తావని కూర్చున్నాను. దినాలైపోయాయి, నెలలయ్యాయి, నువ్వు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నావు గానీ ఈ గడప ఎక్కావా?"

నాకు ఆ మాటలు చెవుల్లో పడ్డాయి. లోపలికి దిగలేదు. వినగానే గుండె కరిగిందని రాస్తే బాగుంటుంది. అట్లా ఏమీ జరగలేదు. నాకు తట్టింది ఒక్కటే. పిన్నితో చెప్పింది, నాతో ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు కదా. ఇంత వయసొచ్చే దాకా ఆ మాట నాతో మోయించి, ఆఖరికి కబురు పక్కింట్లో పెట్టి పోయింది. ఈ ఫిర్యాదు ఏ కౌంటర్లో ఇవ్వాలి?

"నూకలు తేనా?" అన్నాను.

"తే. నేనేమైనా పారిపోతున్నానా?"

ఇన్స్పెక్టరు గడియారం చూసుకుని, "జల్దీ రాండి మేడం" అని వరండాలో స్టూలు మీద కూర్చున్నాడు.

అమీర్‌పేటలో చీర కొనాలంటే వంద దుకాణాలు, కంప్యూటరు నేర్చుకోవాలంటే ప్రతి గోడ మీదా బోర్డు. నూకలు దొరకలేదు. సూపర్ మార్కెట్లో పిల్లాడు ఇడ్లీ రవ్వ పాకెట్ చూపించాడు. అది తీసుకుపోతే పిన్ని విసిరికొడుతుందని నాకు తెలుసు. కిరాణా కొట్టాయన, "గిప్పుడు నూకలు ఎవరు తింటున్నరమ్మా" అన్నాడు. చివరికి చౌరస్తా అవతల పావురాలకి గింజలమ్మే ఆయన దగ్గర దొరికాయి. జొన్నల సంచీ పక్కన చిన్న గోతంలో ఉన్నాయి. "కబూతర్ల కోసమా అమ్మా?" అని అడిగాడు. క్యారీ బ్యాగులో పోయించుకుని, మెట్రో మెట్ల కింద నుంచి, కరపత్రాలు చేతిలో కుక్కే పిల్లలను తోసుకుంటూ వచ్చాను. సగం దారిలో సంచీ అడుగు చిరిగి నూకలు కారడం మొదలుపెట్టాయి. చిరిగిన చోట అరచెయ్యి పెట్టి పట్టుకుని నడిచాను.

చాట మా ఇంట్లోనే ఉంది, తలుపు వెనక మేకుకి, అమ్మ వేలాడదీసినట్టే. నూకలు దాంట్లో పోసి పిన్ని ముందుకి తీసుకెళ్ళాను. ఆవిడ కుర్చీలో సర్దుకుని, చీర చెంగు ఒడిలో పరిచి పట్టుకుంది. నేను వంగి పోశాను. సన్నగా వాన పడ్డట్టు చప్పుడైంది. ఆవిడ వేళ్ళతో తడిమి చూసింది.

"కొత్త బియ్యం నూకలు. అయినా పర్లేదు" అంది. తర్వాత ఇన్స్పెక్టరు వైపు తిరిగి గొంతు సవరించుకుంది. "రాసుకోండి బాబూ. ఈవిడ మా పక్కింటి లచ్చమ్మ కూతురు. కన్నది ఆవిడ, పెంచింది ఆవిడ. నేను మధ్యలో కొన్నాళ్ళు దాచిపెట్టాను. అంతే."

అతను రాసుకున్నాడు. ఆవిడ వేలిముద్ర తీసుకున్నాడు. తర్వాత కాగితం నా వైపు తిప్పి, "మీరు సుత చెప్పాలె మేడం. చనిపోయినామెకు మీరేమైతరు?" అన్నాడు.

"పక్కింటి..." అన్నాను.

నేను అనాలని అనలేదు. నోరే అంది. ఎవరు అడిగినా, ఎప్పుడు అడిగినా ఆ ఇంట్లో వినపడ్డ జవాబు అదొక్కటే. పిన్ని ఒడిలో నూకలు కింద పడకుండా చెంగు కూడగట్టి పట్టుకుని నా వైపు వంగింది.

"అయిపోయిందే, పెంటమ్మా" అంది మెల్లగా. "ఇంకెవరూ వినటం లేదు. చెప్పు."

సందులో ఎవరో స్కూటీ స్టార్ట్ చేశారు. హాస్టల్లో కుక్కర్ కూతపెట్టింది. నేను ఇంకా చాట పట్టుకునే నిలబడి ఉన్నాను.

"కూతుర్ని" అన్నాను.

అతను రాసి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. చాట పక్కన పెట్టి వంగి సంతకం చేశాను. నా అరచేతికి అంటుకున్న నూకల పిండి కాగితం మీద తెల్లటి మరకలా పడింది. అతను వేలితో దులపబోయాడు.

"ఉండనియ్యండి" అన్నాను.